మ్యాక్ లేని ఆఫీసులో మ్యాక్ బగ్: విండోస్‌కి సఫారీ ఎందుకొచ్చిందో మాకు తెలిసొచ్చిన కేసు

2007 జూన్ 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో, డెవలపర్ల సదస్సు ప్రారంభ ప్రసంగంలో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, తమ మ్యాక్ కంప్యూటర్లలో ఉండే సఫారీ బ్రౌజర్‌ను విండోస్‌కి కూడా ఇస్తున్నామని ప్రకటించాడు. మర్నాడు మా ఆఫీసు క్యాంటీన్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: "విండోస్‌లో సఫారీ ఎవరు వాడతారు? పోటీ కంపెనీ సిస్టమ్ మీద వీళ్ల బ్రౌజర్ పెట్టి ఏం లాభం?" ఆ ప్రశ్న నాకూ సబబుగానే అనిపించింది. కానీ అప్పటికి నాలుగు నెలలుగా మమ్మల్ని తిప్పలు పెడుతున్న ఒక బగ్ (సాఫ్ట్‌వేర్‌లో లోపం), ఆ బ్రౌజర్ వల్ల పది నిమిషాల్లో దొరికిపోయింది. దాంతో ఆ ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. విండోస్‌లో మామూలుగా బ్రౌజింగ్ చేసుకునేవాళ్ల కంటే, విండోస్ ముందు కూర్చుని వెబ్ పేజీలు తయారుచేసే మాలాంటివాళ్లే ఆ బ్రౌజర్‌కి ముఖ్యం. ఈ కేసు రాయడానికి కారణం అదే. క్లయింట్‌ను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

అప్పట్లో నేను హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. క్లయింట్ అమెరికాలో చిన్న చిన్న హోటళ్లకు ఆన్‌లైన్ రూమ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంస్థ. ఒక్కో హోటల్‌కీ సొంత వెబ్‌సైట్ ఉంటుంది. అందులో ఒక మూల మా బుకింగ్ ఫారం ఐఫ్రేమ్‌గా, అంటే ఒక పేజీ లోపల ఇంకో సైట్ పేజీని చూపించే చట్రంగా కూర్చుంటుంది. గోడ హోటల్‌వాళ్లది, అందులోని కిటికీ మాది. చూసేవాళ్లకు మాత్రం అంతా ఒకటే సైట్‌లా కనిపిస్తుంది.

టీమ్‌లో అందరికీ విండోస్ ఎక్స్‌పీ పీసీలే. ఒప్పందంలో టెస్ట్ చేయాల్సిన బ్రౌజర్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఫైర్‌ఫాక్స్ అని రాసి ఉంది. ఈ జాబితా ఎందుకలా ఉందో చెప్పాలి. 1997 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ యాపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెట్టినప్పుడు కుదిరిన ఒప్పందంలో, మ్యాక్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే ప్రధాన బ్రౌజర్‌గా ఉండాలన్నది ఒక భాగం. మైక్రోసాఫ్ట్‌కి మ్యాక్ పోటీ సిస్టమే. అయినా తన బ్రౌజర్‌ను అక్కడ ఉంచింది. దాంతో పేజీలు తయారుచేసేవాళ్లు ఎక్స్‌ప్లోరర్ ఒక్కదాన్ని దృష్టిలో పెట్టుకుంటే రెండు సిస్టమ్‌లకీ సరిపోతుందని అనుకునే అలవాటు వచ్చింది. 2003 జనవరిలో యాపిల్ సఫారీ తెచ్చింది. అదే జూన్‌లో మైక్రోసాఫ్ట్ మ్యాక్ ఎక్స్‌ప్లోరర్ అభివృద్ధి ఆపేసింది. మా ఒప్పందంలోని జాబితా మాత్రం పాత అలవాటు ప్రకారం రాసిందే. మ్యాక్ అతిథులు ఎప్పుడో సఫారీకి మారిపోయారు, మా కాగితం మారలేదు.

మ్యాక్ కొనమని ఒకసారి అడిగాం. ఆ డబ్బుతో రెండు పీసీలు వస్తాయన్నారు మావాళ్లు. సఫారీ వాడేది ఐదు శాతమే కదా అన్నారు క్లయింట్. సరిగ్గా ఆ ఐదు శాతం అంకెనే జూన్‌లో జాబ్స్ కూడా తెర మీద చూపించాడు.

వచ్చిన సమస్య

2007 ఫిబ్రవరి నుంచి వారానికి ఐదారు ఫిర్యాదులు రావడం మొదలైంది. అన్నీ ఒకే తీరు. అతిథి తేదీలు పెడతాడు, గది ఎంచుకుంటాడు, ముందుకు వెళ్లే బటన్ నొక్కుతాడు. సెషన్ ముగిసిందన్న (అంటే ఇక మీరెవరో గుర్తులేదన్న) మెసేజ్‌తో మళ్లీ మొదటి పేజీకే వస్తాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. మా పీసీల్లో మాత్రం బుకింగ్ ప్రతిసారీ సాఫీగా అయిపోయేది. "మన దగ్గర అంతా బాగానే వస్తోంది కదండీ" అని మా సీనియర్ డెవలపర్ రోజూ అనేవాడు. అతను చెప్పింది నిజమే.

ఒక టికెట్‌లో, అంటే నమోదైన ఫిర్యాదులో, ఒక పెద్దావిడ రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది: మా అబ్బాయి కంప్యూటర్‌లో అవుతోంది, నాదాంట్లో అవడం లేదు. నెట్ ప్రాబ్లమ్ అయ్యుంటుందని ఆ టికెట్‌ను మూసేసింది నేనే. అదే రోజు ఆమె ఏ కంప్యూటర్ వాడుతోందో అడిగుంటే మూడు నెలలు మిగిలేవి. సర్వర్ లాగ్‌లు తిరగేసి ఫిర్యాదు చేసినవాళ్లందరూ సఫారీ నుంచే వచ్చారని గమనించేసరికి ఏప్రిల్ వచ్చింది.

బ్రౌజర్ లేకుండా చేసిన ప్రయత్నాలు

మొదటి అనుమానం కుకీల మీదకే పోవాలి. వచ్చిన మనిషిని గుర్తుపట్టడానికి సైట్ అతని బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తే కుకీ. కానీ దాన్ని మేమే కొట్టిపారేశాం, ఎందుకో చెబుతాను. ఐఫ్రేమ్‌లో ఉన్న మా సర్వర్ హోటల్ సైట్‌కి బయటివాళ్ల కింద లెక్క. బయటివాళ్లు ఇచ్చే కుకీని ఎక్స్‌ప్లోరర్ 6 కూడా ఊరికే తీసుకోదు. మా గోప్యతా విధానం ఇదీ అని చెప్పే పీ3పీ అనే హెడర్ (పేజీతో పాటు సర్వర్ పంపే చిన్న సమాచారం) పంపిస్తేనే తీసుకుంటుంది. ఆ గొడవ 2005లోనే తేల్చేసి హెడర్ పెట్టాం. అందుకే కుకీల సంగతి అయిపోయిందని గట్టిగా నమ్మాం. పీ3పీని సఫారీ అసలు పట్టించుకోదన్న విషయం మాలో ఎవరికీ తెలియదు.

తర్వాత విండోస్‌కి బదులు లైనక్స్ సిస్టమ్ సీడీ వేసి, అందులోని కాంకరర్ బ్రౌజర్‌లో చూశాం. సఫారీ లోపల పేజీని తెర మీద గీసే వెబ్‌కిట్ ఇంజిన్ పుట్టింది కాంకరర్ ఇంజిన్ అయిన కేహెచ్‌టీఎంఎల్ నుంచే కాబట్టి, ఇక్కడ చూస్తే అక్కడ చూసినట్టేనని నా లెక్క. ఆ లెక్క రెండు విధాలా తప్పింది. అప్పటికే ఆ రెండు ఇంజిన్లూ దూరం జరిగిపోయాయి, దాంతో మాకు సంబంధం లేని కొత్త తేడాలు కనిపించాయి. పైగా పేజీని గీసే ఇంజిన్లు చుట్టాలే అయినా కుకీలు చూసుకునే భాగం దేనిది దానిదే. అన్నదమ్ములైనంత మాత్రాన ఇద్దరి జేబుల్లో ఒకే చిల్లర ఉండదు కదా. ఒక వారం అలా పోయింది.

స్క్రీన్‌షాట్ తీసి పంపే సర్వీసు ఒకటి వాడాం. మ్యాక్‌లో మొదటి పేజీ ఎలా ఉందో ఫొటో వస్తుంది. మా బగ్ ఉన్నది రెండో క్లిక్‌లో. క్లయింట్ ఆఫీసులో ఒకాయనకు ఇంట్లో మ్యాక్ ఉందని తెలిసి రాత్రి పదకొండింటికి కాల్ పెట్టుకున్నాం. మేం చెప్పడం, ఆయన నొక్కడం, అక్కడ కనబడింది ఆయన మాకు చదివి వినిపించడం. మూడో రోజుకి ఆయనకీ ఓపిక అయిపోయింది, అందులో తప్పులేదు.

చివరికి క్లయింట్ ఒక మాట అన్నారు: సఫారీతో వచ్చినవాళ్లకు ఈ బ్రౌజర్‌లో పనిచేయదు అని మెసేజ్ చూపించేద్దాం. నేను ఒప్పుకోలేదు. అలసిపోయి రాత్రికి గది వెతుక్కుంటున్న మనిషికి బ్రౌజర్ మార్చుకో అని చెబితే మార్చుకోడు, పక్క హోటల్‌కి వెళ్తాడు. అయినా నా దగ్గర వేరే ఉపాయం లేక, మే నెలలో ఆ మెసేజ్ పెట్టాల్సి వచ్చింది.

జూన్ 12

విండోస్ సఫారీ బీటాను ఆ ఉదయమే డౌన్‌లోడ్ చేశాను. ఇన్‌స్టాల్ చేయబోతే మా సిస్టమ్స్ అడ్మిన్ వద్దన్నాడు. అతని భయానికి కారణం ఉంది. విడుదలైన రోజే భద్రతా లోపాలు బయటపడ్డాయి. మూడు రోజులకే, జూన్ 14న, యాపిల్ వాటిని సరిచేసిన 3.0.1 వెర్షన్ ఇవ్వాల్సి వచ్చింది. పట్టుబట్టకుండా ఒక మధ్యేమార్గం అడిగాను. మెయిల్ గానీ, కంపెనీ ఫోల్డర్లు గానీ లేని ఒక పాత పీసీని కంపెనీ నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఇంటర్నెట్ మాత్రం ఉంచి ఇచ్చాడు. మిగతా టీమ్ అంతా 3.0.1 వచ్చేదాకా ఆగింది.

ఆ పీసీలో హోటల్ పేజీ తెరిచాను. తేదీలు పెట్టాను, గది ఎంచుకున్నాను, బటన్ నొక్కాను. సెషన్ ముగిసింది! నాలుగు నెలలుగా ఎక్కడో అమెరికాలో జరుగుతోందని వింటున్నది నా కళ్లముందు జరిగింది. డెవలపర్‌ని పిలిచాను. అతను ప్రిఫరెన్సెస్‌లో సెక్యూరిటీ విభాగం తెరిచాడు. కుకీలు ఎవరి దగ్గర తీసుకోవాలి అన్న దగ్గర మూడు గడులు ఉన్నాయి: ఎప్పుడూ, వద్దే వద్దు, మీరు వెళ్లిన సైట్ల దగ్గర మాత్రమే. ముందుగా పెట్టి ఉన్నది మూడోది. దాన్ని మొదటిదానికి మార్చి మళ్లీ ప్రయత్నిస్తే బుకింగ్ అయిపోయింది. తిరిగి మూడోదానికి తెస్తే మళ్లీ మొదటి పేజీ. ఐదుసార్లు అటూ ఇటూ మార్చి చూశాం, ఐదుసార్లూ అంతే.

గుడి బయట చెప్పుల స్టాండ్‌లో టోకెన్ ఇస్తారు చూడండి, కుకీ అలాంటిది. మా సర్వర్ టోకెన్ ఇస్తూనే ఉంది. అతిథి వెళ్లింది హోటల్ సైట్‌కి, మా సైట్‌కి కాదు కాబట్టి సఫారీ ఆ టోకెన్ తీసుకోవడం లేదు. రెండో పేజీలో మా సర్వర్ టోకెన్ అడిగితే చేతిలో ఏమీ ఉండదు.

పరిష్కారంలో చేసిన తప్పు

కారణం దొరికిన సంతోషంలో నేను తొందరపడ్డాను. కుకీ పోతోంది కాబట్టి సెషన్ నంబర్‌ను పేజీ అడ్రస్‌లోనే పెట్టేద్దామని డెవలపర్ అన్నాడు. ఒక్కరోజు పని. అన్ని బ్రౌజర్లలో టెస్ట్ చేశాం, అన్నిటిలో పాస్ అయింది. నేనే సంతకం పెట్టాను.

పది రోజుల తర్వాత ఒక అతిథి, గది బాగుందో లేదో చూడమని ఆ లింక్‌ను తన భార్యకు మెయిల్ చేశాడు. ఆమె తెరిస్తే అతని పేరు, ఫోన్ నంబర్ నింపి ఉన్న ఫారం వచ్చింది. వాళ్లు భార్యాభర్తలు కాబట్టి సరిపోయింది. అదే లింక్ ఇంకెవరికైనా వెళ్లుంటే? టోకెన్ దాచుకోవాల్సిన వస్తువు, దాన్ని మేం అందరికీ కనిపించే చోట రాసిపెట్టాం. ఆ రోజే వెనక్కి తీశాం. బగ్ పోయిందా అని చూశాను గానీ, ఈ మార్పు వల్ల కొత్తగా ఎవరికి నష్టం అన్నది చూడలేదు. ఆ లోటు టెస్ట్ కేసుల్లో లేదు, నా ఆలోచనలో ఉంది.

ఇంకో దారి కూడా తర్వాత తెలిసింది. ఐఫ్రేమ్‌లోకి కనబడని ఫారం ఒకటి దానంతటదే సబ్‌మిట్ అయ్యేలా చేస్తే, వాడే మనిషే ఆ సైట్‌తో పని పెట్టుకున్నాడనుకుని సఫారీ కుకీ తీసుకునేది. డెవలపర్‌కి ఇది బాగా నచ్చింది. నేను వద్దన్నాను. వద్దని పెట్టి ఉన్న సెట్టింగ్‌ను దొంగదారిలో దాటడం మన అతిథిని మోసం చేయడమే అవుతుంది, పైగా ఆ సందును బ్రౌజర్‌వాళ్లు ఏ రోజైనా మూసేస్తారు. 2012లో గూగుల్ సఫారీలో సరిగ్గా ఇలాంటి సందునే వాడిందని బయటపడి, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2.25 కోట్ల డాలర్ల జరిమానా వేసినప్పుడు మా డెవలపర్ వేరే కంపెనీ నుంచి నాకు ఫోన్ చేశాడు.

పనిచేసింది

ఐఫ్రేమ్‌లో గదుల వెతుకులాట మాత్రమే ఉంచాం. దానికి సెషన్ అక్కర్లేదు. బుక్ చేయి అని నొక్కగానే మొత్తం విండో మా బుకింగ్ డొమైన్‌కి వెళ్లేలా మార్చాం. అప్పుడు అతిథి నిజంగా మా సైట్‌కి వచ్చినట్టే, కాబట్టి సఫారీ కుకీ తీసుకుంటుంది. క్లయింట్ వెంటనే ఒప్పుకోలేదు. అతిథి హోటల్ సైట్ వదిలి బయటికి వెళ్లినట్టు ఉంటుందని వాళ్ల టెన్షన్. పేజీ పైన ఆ హోటల్ లోగో, రంగులు ఉంచుతామన్నాం. కార్డు నంబర్ కొట్టే పేజీలో అసలు అడ్రస్ పైన కనబడటమే అతిథికి మంచిదని కూడా చెప్పాం. ఆగస్టులో విడుదలైంది. సఫారీలో పనిచేయదన్న మెసేజ్‌ను ఆ రాత్రే తీసేశాను. ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు.

సఫారీ విండోస్‌కి ఎందుకు?

ఇక్కడ ఆగి యాపిల్ వైపు నుంచి చూడాలి. నష్టపోతున్నది యాపిల్ కస్టమర్. బాగుచేయాల్సింది యాపిల్ మెషీన్ ఎప్పుడూ చూడని హైదరాబాద్ టీమ్. సైట్ పనిచేయకపోతే ఆ కస్టమర్ మా క్లయింట్‌నే తిట్టుకోడు, మ్యాక్‌లో ఏదీ సరిగ్గా రాదు అని కూడా అనుకుంటాడు. ప్రపంచంలో పేజీలు రాసేవాళ్లలో ఎక్కువమంది విండోస్ మీదే ఉన్నప్పుడు, వాళ్లందరికీ మ్యాక్‌లు కొనిపెట్టడం కుదరదు. బ్రౌజర్‌ను ఉచితంగా పంపడం కుదురుతుంది.

ఆ జూన్‌లో ఇంకో తొందర కూడా ఉంది. ఐఫోన్ అమ్మకం జూన్ 29న. అప్పటికి యాప్ స్టోర్ లేదు. బయటి డెవలపర్లు ఐఫోన్‌కి ఏదైనా చేయాలంటే సఫారీలో నడిచే వెబ్ అప్లికేషన్లే రాసుకోమని అదే వేదిక మీద జాబ్స్ చెప్పాడు. అలా చెప్పాక, విండోస్ డెవలపర్ చేతికి సఫారీ ఇవ్వకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

డబ్బు సంగతి, మార్కెట్ వాటా ఆశ లేవని నేను అనను. సఫారీ పైన ఉన్న సెర్చ్ పెట్టె గూగుల్‌ది, అలాంటి పెట్టెల మీద బ్రౌజర్ కంపెనీలకు ఆదాయం ఉంటుంది. ఐట్యూన్స్ అప్పటికే కోట్ల విండోస్ పీసీల్లో ఉంది, ఐపాడ్ అమ్ముడుపోవడానికి అదే దారి వేసింది. ఆ దారినే సఫారీని కూడా పంపబోయారు. 2008 మార్చిలో ఐట్యూన్స్ అప్‌డేట్ విండోలో సఫారీకి ముందే టిక్ పెట్టి చూపించడంతో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకు అప్పటి అధిపతి జాన్ లిల్లీ బహిరంగంగా తప్పుపట్టాడు. తర్వాత యాపిల్ కొత్త సాఫ్ట్‌వేర్‌ను, అప్‌డేట్లను వేరుచేసి చూపించింది. అడగకుండా మా పీసీల్లోకి వచ్చిన సఫారీలు మాకూ ఉన్నాయి. వాటిని ఎవరూ తెరవలేదు. టెస్టింగ్ కోసం మేం తెచ్చుకున్నది మాత్రం ఐదేళ్లు రోజూ తెరుచుకుంది. అందుకే డెవలపర్ కారణమే అన్నిటికన్నా బలమైనదని నా నమ్మకం.

మమ్మల్ని తప్పుదారి పట్టించిన చోట్లు

విండోస్ సఫారీ అక్షరాలను యాపిల్ పద్ధతిలో మెత్తగా, లావుగా గీసేది. అది బగ్ అని మా కుర్రాడొకడు రాస్తే రెండు రోజులు వాదించుకున్నాం. అది చిన్న విషయం.

పెద్ద పొరపాటు 2008 వసంతంలో జరిగింది. 3.1 వెర్షన్‌లో డెవలప్ మెనూ వచ్చింది. అందులో యూజర్ ఏజెంట్‌ను, అంటే బ్రౌజర్ తానెవరో సైట్‌కి చెప్పుకునే పేరును, ఐఫోన్‌గా మార్చుకోవచ్చు. మార్చి, టెస్ట్ చేసి, ఐఫోన్‌లో పనిచేస్తుందని రాసిచ్చాం. మా తేదీల క్యాలెండర్ మౌస్ పైకి తీసుకెళ్తే తెరుచుకునేది. పీసీలో మౌస్ ఉంది, తెరుచుకుంది. ఫోన్‌లో ఉన్నది వేలు! మెనూలో పేరు మార్చినంత మాత్రాన పీసీ ఫోన్ అయిపోదు. క్లయింట్ తన ఫోన్‌లోనే చూసి కాల్ చేశారు.

అప్పటికి ఇండియాలో ఐఫోన్ అమ్మకానికి రాలేదు. ఆ ఆగస్టు 22న వచ్చినప్పుడు ధర 31,000 రూపాయలు. మా టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ల బావగారు డల్లాస్ నుంచి వస్తుంటే ఐపాడ్ టచ్ తెప్పించాం. అందులోనూ అదే సఫారీ, వైఫై ఉంటే చాలు, సిమ్ గొడవ లేదు. మొదటిసారి హోటల్ పేజీ తెరిచినప్పుడు, 980 పిక్సెళ్ల పేజీ అంతా అరచేతి తెరలోకి కుదించుకుపోయి, బుక్ బటన్ మినపగింజంత కనబడింది. ఐదారుగురం దాని చుట్టూ నిలబడి వంతులవారీగా నొక్కి చూశాం. ముగ్గురి వేలు పక్క లింక్ మీద పడింది. పీసీలో పాస్ అని రాసిన నివేదికను ఆ సాయంత్రమే తిప్పి రాశాను. అప్పటి నుంచి విండోస్ సఫారీని కుకీలు, స్క్రిప్టులు, పేజీ అమరిక వరకే నమ్మాం. తాకడం, వేగం, తెర సైజు ఆ చిన్న పరికరం మీదే చూసేవాళ్లం.

ఆగిపోయిన తర్వాత

విండోస్‌కి చివరగా వచ్చింది 2012 మేలో 5.1.7. జులైలో సఫారీ 6 మ్యాక్‌కి మాత్రమే వచ్చింది. మాకు ఆశ్చర్యమేమీ కలగలేదు, ఎందుకంటే దాన్ని పంపిన కారణాలు ఒక్కొక్కటే తీరిపోయాయి. 2008 జులైలో యాప్ స్టోర్ తెరుచుకున్నాక ఐఫోన్ అప్లికేషన్లకు వెబ్ ఒక్కటే దారి కాకుండా పోయింది. అదే సెప్టెంబర్‌లో గూగుల్ క్రోమ్ వెబ్‌కిట్ మీదే విండోస్‌లో వచ్చింది. విండోస్ డెవలపర్లకు వెబ్‌కిట్ అలవాటు చేసే పని ఇక యాపిల్ చేయనక్కర్లేదు. 2012 నాటికి ఐఫోన్‌లో రాని సైట్‌ను ఏ క్లయింటూ ఒప్పుకునేవాడు కాదు. డెవలపర్లను బతిమాలాల్సిన కంపెనీ స్థానం నుంచి, డెవలపర్లే మ్యాక్ కొనుక్కునే స్థానానికి యాపిల్ చేరింది.

ఇదే ప్రశ్న మళ్లీ వచ్చింది. 2018 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ తన కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌ను క్రోమియం (క్రోమ్‌కి ఆధారమైన కోడ్) మీదికి మారుస్తూ, మ్యాక్‌కి కూడా తెస్తామంది. 2020 జనవరి 15న తెచ్చింది. ఈసారి మ్యాక్‌ల ముందు కూర్చున్న డెవలపర్లకు ఎడ్జ్‌లో తమ పేజీ చూసుకునే వీలు కావాలి. కంపెనీల పేర్లు అటూ ఇటూ మారాయి, అవసరం మారలేదు. ఎవరైనా కొత్త బ్రౌజర్ ఫలానా సిస్టమ్‌కి ఎందుకు తెస్తున్నారని నన్ను అడిగితే, అక్కడ వాడేవాళ్లు ఎంతమంది అని ముందు అడగను. వాళ్ల కస్టమర్లు చూసే పేజీలు ఎవరు, ఏ మెషీన్ మీద తయారుచేస్తున్నారు అని అడుగుతాను.

మా బుకింగ్ మార్పు ఆ తర్వాత కూడా చాలాకాలం నిలబడింది. 2020 మార్చిలో సఫారీ ఐఫ్రేమ్‌లలోని బయటి కుకీలన్నిటినీ పూర్తిగా ఆపేసింది. సందులు వెతుక్కున్న సైట్లు చాలా ఇబ్బంది పడ్డాయి. క్లయింట్ దగ్గర ఇప్పటికీ పనిచేస్తున్న పాత మిత్రుడిని అడిగితే, బుకింగ్‌లో ఒక్క లైనూ మార్చాల్సిన పని పడలేదన్నాడు.

ఆ పాత పీసీ 2013 వరకు మా ల్యాబ్‌లో మూల బల్ల మీద ఉండేది. 5.1.7లో పాస్ అయింది అసలు ఐఫోన్‌లో ఫెయిల్ అవడం మూడోసారి జరిగినప్పుడు, టెస్ట్ జాబితాలో సఫారీ విండోస్ అన్న వరుసను కొట్టేశాం. దాని కింద కొత్తగా రెండు వరుసలు రాశాం: మ్యాక్ మినీ, ఐఫోన్. ఈసారి కొనడానికి అనుమతి అడిగిన రోజే వచ్చింది.